శిలారోహణకు బయలుదేరే ముందు: అదనపు సామగ్రిని ఎంచుకోవడం, సర్దుకోవడం ఎలా?

తాడు, నడుముకు కట్టుకునే హార్నెస్, హెల్మెట్, క్లైంబింగ్ బూట్లు, జోడీదారు తాడును అదుపు చేసే బెలే పరికరం, తాడును బోల్టులకు తగిలించే క్విక్‌డ్రాలు లేకుండా శిలారోహణకు ఎవరూ బయలుదేరరు. వీటిలో ఏ ఒక్కటి ఇంట్లో మరిచిపోయినా కొండ పాదానికి చేరిన ఐదు నిమిషాల్లో ఆ సంగతి బయటపడుతుంది కాబట్టి, నష్టం మహా అయితే ఒక రోజు ప్రయాణం వృథా కావడంతో ఆగిపోతుంది. చిన్న వస్తువుల సంగతి అలా కాదు. హెడ్‌ల్యాంపు తేలేదని చీకటి పడ్డాకే తెలుస్తుంది. తాడుకు చుట్టి పట్టు తెచ్చుకునే ప్రూసిక్ లూపు తేలేదని తాడు ఎక్కడో ఇరుక్కున్నాకే తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఏమీ మిగలదు. హెల్మెట్‌ను కూడా ‘ఉంటే మంచిది’ అనే వరుసలో చేర్చేవారు కొందరున్నారు గాని, ఈ వ్యాసం దాన్ని తప్పనిసరి సామగ్రిగానే లెక్కిస్తుంది.

అదనపు సామగ్రి గురించి ఆలోచించేటప్పుడు ‘ఏమేం తీసుకెళ్లాలి’ అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ‘అది ఎక్కడ ఉండాలి’ అన్నది. ఒక వస్తువు వెంట ఉండటం వేరు, కావలసిన క్షణంలో చేతికి అందడం వేరు. మీరు నలభై మీటర్ల ఎత్తున యాంకర్ (తాడును రాతికి కట్టి ఉంచే ఆధారం) దగ్గర నిలబడి ఉన్నప్పుడు కింద సంచిలో ఉన్న విజిల్ మీకు లేనట్టే. కాబట్టి సామగ్రిని నాలుగు చోట్లకు పంచుకోవాలి: ఒంటి మీది హార్నెస్, పైకి మోసుకెళ్లే చిన్న సంచి, కొండ పాదం దగ్గర ఉంచే పెద్ద సంచి, వాహనం. ఈ కింది అంచెలు ఆ క్రమంలోనే సాగుతాయి.

1. ఆ రోజు ఎక్కబోయేది ఏమిటో ముందు తేల్చుకోండి

అమెరికాలోని సియాటిల్ నగరపు పర్వతారోహకుల క్లబ్బు 1930లలో తన విద్యార్థుల కోసం ‘పది అత్యవసరాలు’ అనే జాబితాను రూపొందించింది. పటం, దిక్సూచి, నల్లకళ్లద్దాలు, అదనపు దుస్తులు, అదనపు ఆహారం, దీపం, ప్రథమ చికిత్స సామగ్రి, నిప్పు రాజేసే సరంజామా, అగ్గిపెట్టె, కత్తి అందులో ఉండేవి. ఆ జాబితా ఇన్ని దశాబ్దాలు నిలవడానికి కారణం దాని వెనకున్న రెండు ప్రశ్నలు: అనుకోని ప్రమాదం జరిగితే తట్టుకోగలమా? ఒక రాత్రి బయటే గడపవలసి వస్తే క్షేమంగా గడపగలమా? మీ జాబితాను కూడా ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టండి. అయితే జాబితాను మక్కీకి మక్కీ పాటించనక్కరలేదు. రోడ్డు పక్కనే ఉన్న బండరాయి మీద తాడు లేకుండా ఎక్కే బౌల్డరింగ్ చేసేవారికి నిప్పు రాజేసే సరంజామాతో పని ఉండదు.

తర్వాత మరో మూడు సంగతులు విచారించాలి. మొదటిది దిగే దారి. తాడు మీద రాపెల్ చేసి దిగాలా, కొండ వెనక నుంచి నడిచి దిగాలా అన్నదాన్ని బట్టి మీ వెంట చెప్పులు ఉండాలా, అదనపు స్లింగులు (వలయంగా కుట్టిన పట్టీలు) ఉండాలా అన్నది తేలుతుంది. రెండోది ఎండ. ఎక్కబోయే గోడ తూర్పు ముఖమా, పడమటి ముఖమా అన్నది తెలిస్తే నీళ్లు ఎన్ని కావాలో, చలికోటు ఎప్పుడు కావాలో ముందే ఊహించవచ్చు. మూడోది సహాయం ఎంత దూరంలో ఉందన్నది. వాహనం దగ్గరికి పది నిమిషాల నడక అయితే ప్రథమ చికిత్స పెట్టె చిన్నదైనా సరిపోతుంది. రెండు గంటల నడక అయితే, ఆ రెండు గంటలూ గాయపడ్డ మనిషిని కనిపెట్టుకుని ఉండటానికి, వెచ్చగా ఉంచడానికి కావలసినవన్నీ మీ దగ్గరే ఉండాలి.

2. హార్నెస్‌కు వేలాడవలసినవి

ఇక్కడ పొదుపు పాటించాలి. హార్నెస్‌కు తగిలించే ప్రతి వస్తువూ బరువే కాక, కంగారులో వెతుకులాటకు కూడా కారణమవుతుంది. అయినా కొన్ని వస్తువులకు ఇంతకన్నా తగిన చోటు లేదు.

వాటిలో మొదటిది ప్రూసిక్ లూపు. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో వెలుగులోకి తెచ్చిన ముడి ఇది; బరువు పడితే ప్రధాన తాడును గట్టిగా పట్టుకుంటుంది, బరువు తీసేస్తే చేత్తో జరుపుకోవచ్చు. రాపెల్ చేస్తుండగా చెయ్యి జారినా పడిపోకుండా ఆపడానికి, ఇరుక్కున్న తాడు వెంట పైకి ఎక్కడానికి, గాయపడ్డ జోడీదారు బరువును బెలే పరికరం మీదనుంచి యాంకర్ మీదికి మార్చి మీ చేతులు ఖాళీ చేసుకోవడానికి ఇదే ఆధారం. లూపు ఇలా తయారుచేసుకోండి. 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం గల నైలాన్ సన్నతాడును, క్లైంబింగ్ కోసం తయారైనదాన్నే, సుమారు మీటరున్నర కోయించండి. రెండు కొసలనూ డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలిపి, శరీరపు బరువంతా వేసి లాగి బిగించండి. ముడి బిగిశాక రెండు వైపులా కనీసం అయిదారు సెంటీమీటర్ల కొస మిగలాలి. తర్వాత దాన్ని మీరు నిజంగా వాడే తాడు మీద మూడు చుట్లు చుట్టి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడేలా సర్ది, నేల మీద నిలబడే బరువు వేసి చూడండి. జారితే ఇంకో చుట్టు వేయండి. బరువు తీశాక కూడా కదలకుండా బిగిసిపోతే ఒక చుట్టు తగ్గించండి. సన్నతాడు మందం ప్రధాన తాడు మందానికి దగ్గరయ్యేకొద్దీ పట్టు తగ్గుతుంది కాబట్టి, 9 మిల్లీమీటర్ల తాడు మీద 5 మిల్లీమీటర్ల లూపు, 10 మిల్లీమీటర్ల తాడు మీద 6 మిల్లీమీటర్ల లూపు సాధారణంగా బాగా పనిచేస్తాయి. ఈ పరీక్షను ఇంటి దగ్గరే ముగించాలి. ఇలాంటి లూపులు రెండు ఉంటే తాడు వెంట పైకి ఎక్కడం కూడా సాధ్యమవుతుంది.

ప్రూసిక్ బదులు డైనీమా అనే కృత్రిమ పోగుతో చేసిన సన్నని స్లింగును వాడవచ్చు కదా అని కొందరు అడుగుతారు. డైనీమా బలమైనదే గాని నునుపు ఎక్కువ, పైగా సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. నైలాన్ 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. తాడు మీద రాపిడితో పనిచేసే చోట ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. డైనీమా స్లింగులను యాంకర్లకు, పొడిగింపులకు ఉంచుకుని, రాపిడి ముడులకు నైలాన్‌నే వాడండి.

దీనికి తోడు 120 సెంటీమీటర్ల స్లింగు ఒకటి, తాళం వేసే కారబినర్లు (గేటుతో తెరుచుకునే లోహపు కొక్కేలు) రెండు ఎప్పుడూ అదనంగా ఉండాలి. కారబినర్ వెన్ను మీద చెక్కి ఉండే అంకెలను చదవడం అలవాటు చేసుకోండి. యూరోపియన్ ప్రమాణం ప్రకారం సాధారణ కారబినర్ నిలువునా కనీసం 20 కిలోన్యూటన్లు, అడ్డంగా 7, గేటు తెరిచి ఉన్నప్పుడు 7 తట్టుకోవాలి. తాళంచెవుల గుత్తికి వాడే చిన్న కారబినర్ల మీద ఈ అంకెలు ఉండవు. వాటిని నీళ్ల సీసాకు తగిలించుకోవచ్చు గాని, హార్నెస్ మీద అసలైన వాటి పక్కన మాత్రం ఉంచకండి. అలసిన చెయ్యి తడుముకుంటూ ఏది దొరికితే అది లాగేస్తుంది.

స్పోర్ట్ క్లైంబింగ్, అంటే రాతికి ముందే బిగించిన బోల్టులకు తాడు తగిలిస్తూ ఎక్కడం, చేసేవారు మరలతో మూసుకునే ఉక్కు క్విక్‌లింక్ ఒకటి తప్పక వేసుకోవాలి. మార్గం పూర్తి చేయలేక మధ్యలోనే దిగిపోవలసి వచ్చినప్పుడు దాన్ని బోల్టుకు తగిలించి, మరను పూర్తిగా బిగించి, అందులోంచి కిందికి దిగి, దాన్ని అక్కడే వదిలేసి రావచ్చు. ఇనుప సామాన్ల కొట్టులో దొరికే అంకెలు లేని లింకు ఈ పనికి పనికిరాదు. ఒక్క లింకు మీద దిగడం మనసుకు ఒప్పకపోతే కింది బోల్టులో పాత కారబినర్ ఒకటి ఉంచి దిగండి. వస్తువు పోతుందన్న లెక్కతో బోల్టు కన్నంలోంచి నేరుగా తాడు పోనిచ్చి దిగడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. బోల్టు పలక అంచు తాడును కోసేస్తుంది.

రాతి పగుళ్లలో నట్లు (లోహపు దిమ్మలు) ఇరికించి ఎక్కేవారికి వాటిని ఊడదీసే నట్‌టూల్ కావాలి, అదీ కొసకు సన్నని దారం కట్టినది కావాలి, ఎందుకంటే అది చేజారితే కింద ఉన్నవారి నెత్తిన పడుతుంది. మడిచే చిన్న కత్తి ఒకటి మల్టీపిచ్ మార్గాల్లో, అంటే పిచ్‌లనే విడతలుగా ఎక్కే ఎత్తైన మార్గాల్లో, ఉండాలి. యాంకర్ల మీద ఎండకు మగ్గిపోయిన పాత స్లింగులను కోసి తీసేయడానికి, ఇరుక్కుపోయిన తాడు కొసను వదిలించుకోవడానికి అది అక్కరకొస్తుంది. బరువుతో బిగిసి ఉన్న తాడుకు కత్తి అంచు తగిలితే చాలు, తాడు తెగిపోతుంది. అందుకే కత్తిని ఎప్పుడూ మడిచే ఉంచి, తెరిచేముందు ఏ తాడు మీద ఎవరి బరువు ఉందో చూసుకోవాలి.

ఇక విజిల్. గాలి హోరులో మనిషి కేక ముప్పై మీటర్లు కూడా చేరదు, ఈల శబ్దం చేరుతుంది. ఆపదలో ఉన్నామని చెప్పే అంతర్జాతీయ పర్వత సంకేతం నిమిషానికి ఆరు ఈలలు, ఆ తర్వాత ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు ఈలలు. విన్నవారు నిమిషానికి మూడు ఈలలతో బదులు ఇస్తారు. రాత్రిపూట ఇదే సంకేతాన్ని దీపం వెలిగించి ఆర్పుతూ ఇవ్వవచ్చు. హెలికాప్టర్ కనిపించినప్పుడు రెండు చేతులూ పైకి చాపి నిలబడితే సహాయం కావాలని, ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందికీ చాపితే అక్కర్లేదని అర్థం. ఉత్సాహంతో చెయ్యి ఊపడం వల్ల అనవసరమైన గందరగోళం పుడుతుంది.

3. పైకి మోసుకెళ్లే చిన్న సంచి

ఒకటి కన్నా ఎక్కువ పిచ్‌లున్న మార్గానికి పది పదిహేను లీటర్ల సంచి సరిపోతుంది. సాధారణంగా వెనక ఎక్కే రెండోవారు దాన్ని మోస్తారు, ముందు ఎక్కే లీడర్ ఖాళీ వీపుతో ఎక్కుతారు.

అందులో మొట్టమొదట పడవలసింది హెడ్‌ల్యాంపు, అదీ మనిషికొకటి. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టే మార్గమే కదా, మధ్యాహ్నానికి కిందికి వచ్చేస్తాం కదా అన్న ధీమా ఎంతమంది చేత చీకట్లో యాంకర్ వెతికించిందో చెప్పలేం. ముందు వెళ్లిన జట్టు నెమ్మదిగా కదిలినా, రాపెల్ తాడు ఒక చెట్టు మొదట్లో ఇరుక్కున్నా రెండు మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఫోన్ టార్చి దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే దాన్ని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. పైగా సహాయానికి పిలవవలసిన బ్యాటరీనే అది తినేస్తుంది. 200 నుంచి 300 ల్యూమెన్ల దీపం చాలు. సంచిలో దానంతట అదే వెలిగిపోకుండా మీటకు లాక్ ఉన్న రకం మేలు. లాక్ లేకపోతే ఒక బ్యాటరీని తిరగేసి పెట్టండి. బాగా చలిగా ఉండే చోట్లకు ఆల్కలైన్ బ్యాటరీల కన్నా లిథియం బ్యాటరీలు నమ్మదగినవి.

నీళ్లు మనిషికి లీటరు నుంచి లీటరున్నర వరకు పైకి తీసుకెళ్లి, మిగతావి కింద ఉంచండి. ఎండలో శ్రమించే మనిషికి గంటకు అరలీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావలసి రావచ్చు కాబట్టి మొత్తం ఎంత తేవాలో ఆ లెక్కన వేసుకోండి. సీసా మూత దగ్గరి వలయాన్ని నమ్మకుండా, సీసా మెడ చుట్టూ సన్నతాడు లూపు ఒకటి పెట్టి టేపుతో గట్టిగా చుట్టి దాన్నే తగిలించండి. చుట్టిన ఆ టేపు అవసరమైనప్పుడు విప్పుకోవడానికి అదనపు నిల్వగానూ పనికొస్తుంది.

గాలిని ఆపే పలుచని కోటు ఒకటి ఎండాకాలంలో కూడా ఉండాలి. ఎక్కేవారికి చెమట పడుతుంది. యాంకర్ దగ్గర కదలకుండా నిలబడి గంటసేపు తాడు వదిలేవారికి అదే చెమట ఆరుతూ వణుకు తెప్పిస్తుంది. దాని జేబులో వెండి రంగు అత్యవసర దుప్పటి ఒకటి మడిచి పెట్టుకోండి, బరువు వంద గ్రాములు కూడా ఉండదు.

నడిచి దిగవలసిన కొండ అయితే తేలికపాటి నడక బూట్లు తప్పనిసరి. బిగుతైన క్లైంబింగ్ బూట్లతో రాళ్ల గుట్టల మీద నడవడం బాధాకరమే కాక ప్రమాదకరం కూడా, ఎందుకంటే అలసటతో మడమ మెలిక పడేది సాధారణంగా అక్కడే. సంచిలో చోటు లేకపోతే హార్నెస్ వెనక తగిలించుకోవచ్చు, కానీ రెండింటినీ లేసులతో కలిపి కట్టి, మడమ దగ్గరి లూపుల్లోంచి కూడా కారబినర్ పోనివ్వాలి.

ఫోన్‌ను దారంతో సంచికి కట్టి ఉంచండి. మార్గపు పటాన్నీ, దిగే దారి వివరాన్నీ ముందే ఫొటోలుగా దాచుకోవాలి. సిగ్నల్ వస్తే అప్పుడు తెరుచుకోవచ్చులే అనుకోకూడదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెడితే మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపు వినిపిస్తే అప్పటికే దిగుతూ ఉండాలి.

ఎవరికైనా ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్, తేనెటీగల విషం పడదని తెలిసి ఉంటే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను వారి ఒంటి మీదే ఉండాలి. వాటిని ప్రథమ చికిత్స పెట్టెలో వేసి కింద వదిలేయడం చాలా జట్లు చేసే పొరపాటు. తేనెపట్లు గోడల మీద, పైకప్పులా పొడుచుకొచ్చిన రాళ్ల కింద ఉంటాయి కాబట్టి ఎక్కేముందు బైనాక్యులర్లతో గానీ ఫోన్ కెమెరా జూమ్‌తో గానీ గోడనంతా ఒకసారి పరిశీలించడం మంచిది.

4. కొండ పాదం దగ్గర ఉంచే పెద్ద సంచి

బరువు గురించి ఇక్కడ కొంత ఉదారంగా ఉండవచ్చు. అన్నిటికన్నా ముందు తాడు పరుచుకునే గుడ్డ గురించి చెప్పాలి. మట్టి, ఇసుక రేణువులు తాడు పొరల్లోకి దిగి లోపలి పోగులను నెమ్మదిగా కోస్తాయి. తాడును తొక్కితే ఇంకా లోతుకు దిగుతాయి. తాడు సంచులకు సాధారణంగా రెండు చిన్న లూపులు ఉంటాయి. ఒకదానికి లీడర్ వైపు కొస, మరోదానికి కింది కొస కట్టేయండి. కింది కొసను కట్టడం శుభ్రత కోసం కాదు. తాడు పొడవు చాలక, లీడర్‌ను దించుతుండగా కొస బెలే పరికరంలోంచి జారిపోవడం శిలారోహణలో పదే పదే జరిగే ప్రమాదం. కొస సంచికి కట్టి ఉంటేనో, ఆపుముడి వేసి ఉంటేనో అది జరగదు.

మొదటి బోల్టు మూడు నాలుగు మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు అక్కడిదాకా ఎక్కే మనిషికి తాడు ఏ విధంగానూ రక్ష కాదు. పొడవుగా సాగే కర్రతో క్విక్‌డ్రాను కింద నుంచే తగిలించే స్టిక్‌క్లిప్ ఇందుకే ఉంది. దాన్ని వాడటం చేతకానితనమన్న భావన కొందరిలో ఇంకా ఉంది. విరిగిన మడమతో వాహనం దాకా నడవడం కన్నా అది చాలా నయం.

చర్మ సంరక్షణ సామగ్రికి ఒక చిన్న డబ్బా కేటాయించండి. మొదటి రోజు చర్మం పోతే మూడు రోజుల ప్రయాణంలో మిగతా రెండు రోజులూ చూస్తూ కూర్చోవడమే. అందులో నెయిల్ కట్టర్, సన్నని ఆకురాయి లేదా సాండ్‌పేపర్ ముక్క, 3.8 సెంటీమీటర్ల వెడల్పు గల జింక్ ఆక్సైడ్ టేపు, టేపు అతుక్కునేలా చర్మానికి పూసే టింక్చర్ బెంజాయిన్, రాత్రిపూట రాసుకునే మైనపు లేపనం ఉండాలి. అరచేతిలో కాయలు కాసిన చోట అంచు ఎత్తుగా ఉంటే అదే పట్టుకు తగులుకుని చీరుకుపోతుంది, కాబట్టి ముందురోజే ఆకురాయితో సమం చేసుకోండి. చర్మం చీరుకుని రేకులా వేలాడితే, ముందు పట్టు కోసం చేతులకు రాసుకునే చాక్ పొడి పోయేలా నీళ్లతో కడిగి ఆరనివ్వండి. వేలాడే చచ్చిన చర్మాన్ని కట్టర్‌తో మొదలంటా కత్తిరించండి. గాయానికి తగలకుండా చుట్టుపక్కల మాత్రమే బెంజాయిన్ పూసి, అది జిగటగా మారేదాకా ఆగండి. టేపును నిలువునా చీల్చి సన్నని పట్టీ చేసుకుని, ఒక ముక్కను వేలి వెనక నుంచి కొస మీదుగా ముందుకు మడిచి, దాని మీద ఇంకో పట్టీని అడ్డంగా, వేలు కొద్దిగా వంచి ఉంచి చుట్టండి. చివరగా గోరు నొక్కి వదలండి. తెల్లబడిన రంగు రెండు సెకన్లలో తిరిగి రాకపోతే టేపు మరీ బిగుతుగా ఉన్నట్టు. సాధారణ ప్లాస్టర్లు చెమటకూ రాపిడికీ రెండు కదలికల్లో ఊడిపోతాయి.

సన్‌స్క్రీన్ రాసుకునేటప్పుడు అరచేతులు వాడకుండా మణికట్టుతోనో, చేతి వెనక భాగంతోనో రాసుకోండి. లేకపోతే పట్టు జారుతుంది, ఆ జిడ్డు రాతికి కూడా అంటుతుంది. రాయి మీద పేరుకున్న చాక్‌ను తుడవడానికి జంతు వెంట్రుకలతో గానీ నైలాన్‌తో గానీ చేసిన బ్రష్షు తెచ్చుకోండి. ఇనుప తీగల బ్రష్షు మెత్తని రాయిని అరగదీస్తుంది. చాక్‌ను, అంటే మెగ్నీషియం కార్బోనేట్ పొడిని, 1950లలో జిమ్నాస్టిక్స్ నుంచి బండరాళ్ల మీదికి తెచ్చింది జాన్ గిల్ అనే అమెరికన్. అది కొండల మీద వదిలే తెల్ల మచ్చల గురించి అభ్యంతరాలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి, పట్టులను గుర్తుపట్టడానికి మీరు గీసుకున్న గీతలను వెళ్లేముందు మీరే తుడిచేయాలి.

ప్రథమ చికిత్స పెట్టెను కొనుక్కున్నది కొనుక్కున్నట్టు వాడకండి. వాటిలో చిన్న ప్లాస్టర్లు ఎక్కువ, గట్టి కట్లు తక్కువ. కొండ దగ్గర ఎదురయ్యేవి ప్రధానంగా మడమ బెణకడం, ఎముక విరగడం, రాయి తగిలి రక్తం కారడం, తలకు దెబ్బ. వీటికి తగ్గట్టు రబ్బరు చేతితొడుగులు, స్టెరైల్ గాజుగుడ్డ ఎక్కువ మొత్తంలో, 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు రెండు, త్రికోణపు కట్టుగుడ్డ, వంచితే వంగే అల్యూమినియం ఫోమ్ స్ప్లింట్, ముళ్లు తీసే పట్టకారు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచండి. మాత్రల విషయంలో వైద్యుల సలహా తీసుకుని, జట్టులో ఎవరికి ఏది పడదో రాసిన చీటీని పెట్టె మూత లోపల అంటించండి.

ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా తెలిసి ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడుతున్న మనిషి, బయటి గాయం లేకపోయినా, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివారిని వీలైనంత వేగంగా నేలకు దించాలి, దించాక పడుకోబెట్టాలి. కూర్చోబెట్టి ఉంచాలన్న పాత సలహాకు సరైన ఆధారం లేదు. స్పృహలో ఉండి వేలాడుతున్నవారు స్లింగుతో పాదాలకు మెట్టు చేసుకుని కాళ్లు కదిలిస్తూ ఉండాలి. హార్నెస్ మీద అదనపు స్లింగు ఉంచుకోమని ముందే చెప్పడానికి ఇది మరో కారణం.

ఇవి కాక బెలే చేతితొడుగులు, వెచ్చని కోటు, తినడానికి విప్పకుండానే అందే ఆహారం, చెత్త సంచి ఉండాలి. మలవిసర్జన కోసం చిన్న పార అవసరం. నీటి వనరులకు, నడకదారికి, కొండ పాదానికి కనీసం అరవై డెబ్బై మీటర్ల దూరంలో పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి కప్పేయాలి. మట్టి లేని రాతి ప్రదేశాల్లో మూసి వెనక్కి తెచ్చుకునే సంచులే మార్గం. స్పీకర్లు మాత్రం తేవద్దు. పైనున్న లీడర్ ‘తాడు వదులు’ అన్నాడా, ‘తాడు పట్టు’ అన్నాడా అన్నది వినబడకపోవడం సరదా విషయం కాదు.

5. వాహనంలో మిగిలేవి, ఇంట్లో వదిలి వచ్చేవి

వాహనంలో పొడి బట్టలు, అదనపు నీళ్లు, ఫోన్ చార్జర్ ఉంచితే చాలు. ఒక్క జాగ్రత్త: తాడు, స్లింగులు, హార్నెస్ ఉన్న సంచిని వాహనపు బ్యాటరీకి, బ్యాటరీ ఆమ్లం ఒలికిన చోటుకి దగ్గరగా ఎన్నడూ పెట్టకండి. ఆమ్లం నైలాన్‌ను కంటికి కనిపించకుండా బలహీనపరుస్తుంది. పైకి తాడు కొత్తదానిలాగే ఉంటుంది. అలాగే తాడు మధ్యభాగాన్ని ఏదో ఒక మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టడం మంచిది కాదు, తాడు తయారీదారు అనుమతించిన సిరానే వాడాలి.

ఇంటి దగ్గర ఎవరో ఒకరికి రాతపూర్వకంగా ఒక సమాచారం వదలండి: ఏ కొండ, ఏ మార్గం, వాహనం ఎక్కడ నిలుపుతారు, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారు, ఆ సమయం దాటి ఎంతసేపటికి సహాయ బృందానికి కబురు చేయాలి. చివరి సంగతి చెప్పకపోతే మిగతా వాటివల్ల ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఇంట్లోవారు ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకుంటూ రాత్రంతా గడిపేస్తారు.

6. జోడీదారుతో కలిసి పంచుకోండి

బయలుదేరే ముందురోజు రాత్రి ఇద్దరూ సామగ్రినంతా నేల మీద పరిచి, ఏది ఎవరి దగ్గర ఉంటుందో పైకి చెప్పుకుంటూ సర్దండి. ‘నువ్వు తెస్తావనుకున్నాను’ అన్న మాట కొండ దగ్గర వినిపించేది ఈ పని చేయనప్పుడే. హెడ్‌ల్యాంపు, ప్రూసిక్ లూపులు, విజిల్, నీళ్లు, కోటు, సొంత మందులు ఎవరివి వారికే ఉండాలి. ప్రథమ చికిత్స పెట్టె, తాడు గుడ్డ, స్టిక్‌క్లిప్ జట్టుకు ఒక్కటి చాలు. క్విక్‌లింక్ మాత్రం లీడ్ చేసే ప్రతి ఒక్కరి హార్నెస్ మీదా ఉండాలి. అందరి దగ్గరా ఉండవలసినవి ఒక్కరి సంచిలో చేరితే, ఆ సంచి చేజారిన రోజున ఇద్దరూ చీకట్లో మిగులుతారు.

7. తిరిగి వచ్చిన రోజే నింపుకోండి

ప్రయాణం ముగిశాక సంచిని మూలన పడేయకుండా ఆ రాత్రే విప్పండి. వాడిన టేపు, గాజుగుడ్డ, ఓఆర్‌ఎస్ పొట్లాల స్థానంలో కొత్తవి పెట్టండి, వదిలి వచ్చిన క్విక్‌లింక్ బదులు ఇంకొకటి కొనే దాకా ఒక చీటీ హార్నెస్‌కు కట్టండి. తడిసిన తాడును, లూపులను నీడలో ఆరనివ్వండి. ప్రూసిక్ లూపును వేళ్ల మధ్య నిలువెల్లా జరుపుతూ, బిరుసెక్కిన చోటు, మెరిసే చోటు, పోగులు లేచిన చోటు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాన్ని అక్కడికక్కడే ముక్కలుగా కోసి పారేయండి, లేకపోతే మరో ప్రయాణంలో ఎవరో ఒకరు దాన్నే పైకి తీసుకెళ్తారు. హెడ్‌ల్యాంపులోంచి బ్యాటరీలు తీసి విడిగా పెట్టి, వాటి పక్కనే కొత్త జత ఉంచండి.